ఆధి: కళింగపట్నం తీరాన పనివారి మనసు

ఆధివ్యాధులు అని జంటగా వాడి వాడి, ఆ రెండింటికీ ఉన్న భేదాన్ని మనం మరచిపోయాం. వ్యాధి దేహానిది, ఆధి మనసుది. అమరసింహుడు నానార్థవర్గంలో ఈ ఆధి శబ్దానికి మనఃపీడ అన్న అర్థంతో పాటు మరికొన్ని అర్థాలు చెప్పాడు. వాటిలో ఒకటి తాకట్టు. సొత్తును అప్పుకు కుదువపెట్టడమూ ఆధియే, లోలోపల కుమిలిపోవడమూ ఆధియే. అమరం వల్లెవేసిన రోజులలో ఈ రెండర్థాలూ ఒకేచోట ఎందుకున్నాయో మా గురువుగారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ధాతువులు వేరని వైయాకరణులు వాదించవచ్చు గాక. ముప్పయ్యేళ్ళకు పైగా కళింగపట్నం చుట్టుపక్కల సముద్రపుటొడ్డు బడులలో తెలుగు చెప్పిన నాకు మాత్రం, ఈ తీరపు చరిత్రకు ఆ ఒక్క మాట చాలుననిపిస్తుంది.

2024లో ప్రపంచ మానసిక ఆరోగ్య దినానికి, అంటే అక్టోబరు 10కి, పనిచేసే చోట మానసిక ఆరోగ్యం అన్న విషయాన్ని ఎంచుకున్నారు. అంతకు రెండేళ్ళ ముందు, 2022 సెప్టెంబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక లెక్క చెప్పాయి: దిగులు, ఆందోళనల వలన ఏటా 1200 కోట్ల పనిదినాలు ప్రపంచంలో వృథా అవుతున్నాయట. లెక్క పెద్దదే. అయితే ఈ చర్చ ఎక్కడ జరిగినా చల్లని గది, కుర్చీ, కంప్యూటరు ఉన్న పనిచోటే అందరి కళ్ళముందూ ఉంటుంది. వలా, పడవా, తెడ్డూ ఉన్న చోటును పనిచోటుగా తలచేవారు తక్కువ. అందుచేత మిత్రులారా, ఈ టపాలో మా కళింగపట్నం రేవును ఒక పనిచోటుగా చూసి దాని చరిత్ర చెప్పదలచాను. రాజుల పేర్లు కనబడలేదని నొచ్చుకోకండి. రేవులో బరువులు మోసింది రాజులు కారు కదా.

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్నది కళింగపట్నం. నదికి దక్షిణపు గట్టున, కాస్త పడమరగా, శాలిహుండం కొండ. ఆ కొండమీది బౌద్ధ స్తూపాలనూ చైత్యాలనూ 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. (వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన ఆయన పేరు నా బోటి పండిత శిక్షణ వాడు తలచుకుంటూ, ఇంత గ్రాంథికపు వాసనతో రాయడం వింతే, చేతివాటం పోదు.) సవర భాష నేర్చుకోవడానికి ఆయన మన్యాల వెంట తిరిగి, చలిజ్వరాలకు క్వినైను తిని తిని చెవుడు తెచ్చుకున్నారని చెబుతారు. పని మనిషి నుంచి ఏమి పుచ్చుకుంటుందో ఆయనకు ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

క్రీస్తు పూర్వపు కాలం నుండి వందల ఏళ్ళ పాటు ఆ కొండమీద భిక్షువులు మసలారు. కింద రేవు, పైన విహారం. భిక్షువులూ ఇల్లు విడిచి వచ్చినవారే. బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ ఉన్నది. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. తోటివారు ఎవరూ అతని దగ్గరకు రావడం లేదు. బుద్ధుడు ఆనందుని చేత నీళ్ళు తెప్పించి, ఆనందునితో కలిసి అతన్ని కడిగి పడుకోబెట్టాడు. తరువాత సంఘాన్ని పిలిచి చెప్పినదాని సారం ఇది: మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేదెవరు? వానకాలం మూడు నెలలూ ఒకచోట కలిసి ఉన్నాక, విడిపోయేముందు ప్రవారణ అనే ఆచారం కూడా వారికి ఉండేది. నా వల్ల జరిగిన తప్పు ఏదైనా మీరు చూసినా, విన్నా, శంకించినా చెప్పండని ప్రతివాడూ, పెద్దవాడు మొదలుకొని, సంఘాన్ని అడగాలి. లోపల పెట్టుకొని కుమిలే అవకాశం ఆ రోజుతో తీరిపోవాలన్నమాట. పెద్దవాడే ముందు అడగాలన్న నియమం నాకు చాలా నచ్చింది. మన కార్యాలయాలలో ఎక్కడైనా పై అధికారి కింది వారి ముందు నిలబడి ఈ మాట అడగగా చూశారా?

కొండ దిగి రేవుకు వద్దాం. బ్రిటిషువారి నాటికి కళింగపట్నం గంజాం జిల్లాలోని రేవు. 1936లో ఒరిస్సా వేరుపడ్డాక చికాకోలు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఓడ గట్టు దాకా వచ్చే లోతు ఇక్కడ లేదు. ఓడ దూరాన లంగరు వేసుకుంటే, మనుషులనూ సరుకులనూ పడవల మీద అందించాలి. ఆ పడవలు ఈ తీరమంతటికీ ప్రసిద్ధమైన మసూలా పడవలు. మేకు ఒక్కటీ లేకుండా పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టినవి. మేకులు కొట్టిన పడవ ఒడ్డుకెరటం దెబ్బకు విరిగిపోతుంది; కుట్టిన పడవ వంగి, లొంగి, మళ్ళీ నిలుస్తుంది.

కెరటాలు వరుసగా విరిగే చోట పడవను దాటించడం ఒక్కడి బలంతో అయ్యే పని కాదు. తెడ్లన్నీ ఒకే క్షణాన పడాలి. కెరటం లేచేటప్పుడు ఆగాలి, వాలేటప్పుడు లాగాలి. దానికి సాధనం పాట. ఒకడు ఎత్తుకోవడం, తక్కినవారు అందుకోవడం. మద్రాసు తీరాన దిగిన యూరోపు యాత్రికులు ఈ పడవవారి కేకల పాటను గూర్చి వింతగా రాసుకున్నారు. వారికి అది అనాగరికుల అరుపు. పాట ఆగితే పడవ తిరగబడుతుందనీ, తమ ప్రాణం ఆ అరుపు మీదనే నిలిచి ఉన్నదనీ ఎందరు గ్రహించారో!

ఓడలకు దారి చూపడానికి రేవులో దీపస్తంభం లేచింది. పగలంతా ఎంతమంది ఉన్నా రాత్రి అక్కడ పని ఒంటరిపని. దీపం కాసేవాడికి నిద్ర లేదు, మాట్లాడేవారు లేరు. దీపస్తంభాల వారికి పిచ్చెక్కుతుందని అన్ని దేశాలలోనూ కథలున్నాయి. ఒంటరితనమే కారణమని అందరూ అనుకునేవారు. 1890ల నుండి పెద్ద దీపాల కటకాలను పాదరసపు తొట్టెలో తేల్చి తిప్పే పద్ధతి వచ్చింది. టన్నుల బరువున్న కటకం వేలితో తోస్తే తిరిగేది. ఆ పాదరసాన్ని వడకట్టి శుభ్రం చేసేవారూ, దాని ఆవిరిని పీల్చేవారూ దీపం కాసేవారే. పాదరసం నరాలనూ మనసునూ చెరుపుతుందని టోపీలు చేసే పనివారి బతుకులు అంతకుముందే చెప్పాయి. కళింగపట్నంలో అలా జరిగిందని నేననడం లేదు. పనివాడి మనసు చెడితే ముందు వాడి స్వభావాన్ని అనుమానిస్తారనీ, తరువాత వాడి ఒంటరితనాన్ని అంటారనీ, పనిచోటులో ఉన్న తొట్టెను మాత్రం చివరికి గాని చూడరనీ చెప్పడానికి దీన్ని ఎత్తుకున్నాను.

ఇక రంగం.

ఉత్తరాంధ్రలో ముసలివారు రంగూనును రంగం అంటారు. బర్మాలో బియ్యపు మిల్లులు, రేవు పనులు పెరిగిన కొద్దీ, పంతొమ్మిదవ శతాబ్దపు చివర నుండి మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం అక్కడికి కూలికి పోవడం మొదలైంది. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవులలో ఆగుతూ ఆవిరి ఓడలు బంగాళాఖాతం దాటేవి. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారందరూ కొరంగీలయ్యారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఈ వలసకు ఇరుసు మేస్త్రీ. మేస్త్రీ ఊరికి వస్తాడు, ఇంటివారి చేతిలో బయానా పెడతాడు, ఓడ ఖర్చు పెట్టుకుంటాడు. ఆ అప్పు తీరేవరకు మనిషి మేస్త్రీ మనిషే. కూలి కంపెనీ నుండి తిన్నగా కూలివాని చేతికి రాదు. మేస్త్రీల అంతస్తులు దాటుకుంటూ, ఒక్కొక్క అంతస్తులో కాస్త కోత పడుతూ వస్తుంది. అమరం చెప్పిన మొదటి అర్థం ఇక్కడ మనిషి రూపంలో కనబడుతుంది. కుదువపెట్టినది పొలమూ కాదు, పుస్తెలూ కాదు, మనిషిని. రెండో అర్థం అతనితో పాటే ఓడ ఎక్కింది.

రంగూనులోని కూలీల బసలలో ఎంతెంతమంది ఇరుక్కొని పడుకునేవారో, వాటిలో గాలీ నీరూ ఎట్లా ఉండేవో ఇ. జె. ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూనులోని భారతీయ కార్మికుల మీద వేసిన పుస్తకం చెబుతుంది. ఆ కాలపు విచారణలన్నీ చోటునూ కూలినీ రోగాలనూ లెక్కపెట్టాయి. బెంగ పెట్టుకొని తిండి మానిన వాణ్ణి ఏ పట్టికలో రాయాలో ఆ అధికారులకు తెలియదు. మన పేటలలో దానికి మాట ఉన్నది: మనాది. మనోవ్యాధి అరిగి అరిగి ఆ రూపానికి వచ్చింది. రంగం నుండి మనాదితో తిరిగి వచ్చినవాడు అని ఒక తాతను గూర్చి నా చిన్నతనంలో చెప్పుకునేవారు. ఆయన చావడి అరుగు మీద కూర్చొని సముద్రం వైపు చూస్తుండేవాడు. అతన్ని ఎవరూ పిచ్చివాడనలేదు. పూటకొకరు కంచంలో ఇంత అన్నం పెట్టేవారు.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీల వారు వారి స్థానంలో బర్మీయులను తీసుకున్నారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనికి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది మనవారు. ఇద్దరు పేదల మధ్య పనిని ఎరగా వేసిన మూడోవాని పేరు మాత్రం కొట్లాటలో వినబడలేదు. ఆపైన 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. 1942లో లక్షలాదిమంది భారతీయులు అరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. దారిలో పడిపోయినవారికి లెక్కలేదు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉన్నది. అందులో ఎన్ని ఇళ్ళలో రాత్రిళ్ళు కేకలు వేస్తూ లేచిన తాతలు ఉండేవారో ఆ ఇళ్ళవారికే తెలుసు.

కళింగపట్నం రేవు క్రమంగా మూతబడింది. దీపస్తంభం మిగిలింది, చేపలవేట మిగిలింది. నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఒడ్డున చూసిన పని అలివి వల. చూడనివారి కోసం కాస్త వివరిస్తాను. వల తాడు ఒక కొసను ఒడ్డున ఉన్నవారికి అప్పగించి, పడవ వలను విడుస్తూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా తిరిగి, రెండో కొసను మరికొంత దూరాన ఒడ్డుకు చేరుస్తుంది. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్ళను లాగుతాయి. ముప్పై, నలభైమంది. గంటల తరబడి పని. లాగేకొద్దీ రెండు జట్లూ దగ్గరవుతూ, చివరకు వల సంచి ఒడ్డుకు వచ్చేసరికి భుజాలు రాసుకుంటాయి.

ఈ పనిలో నేను గమనించినవి రెండు. పాట ఒకటి. హైలెస్సా అనే పల్లవి అందరికీ తెలిసినదే. సినిమాల వారు దాన్ని అరగదీశారు. కానీ ఎత్తుకునేవాని నోటి నుండి మధ్యలో ఏమి వస్తుందో సినిమాలో రాదు. వలకామందు పిసినారితనం వస్తుంది, నిన్న రాత్రి పెళ్ళాంతో తగవు పడినవాని సంగతి వస్తుంది, మొన్న సముద్రంలో పోయినవాని పేరు వస్తుంది. కామందు అక్కడే ఉంటాడు, వింటాడు, నవ్వక తప్పదు. మామూలు మాటగా అంటే తగవయ్యేది పాటగా అంటే పని అవుతుంది. శాలిహుండం కొండమీద ఏడాదికొకసారి జరిగే ప్రవారణ, కొండకింద ప్రతి ఉదయమూ జరిగినట్లే గదా! బిరుదురాజు రామరాజుగారి వంటి పరిశోధకులు శ్రామిక గేయాలు శ్రమను మరపిస్తాయని రాశారు. అది నిజమే. నా మట్టుకు నేను చూసినది దానికి తోడు మరొకటి: పాటలో ఒకని గొంతు కలవకపోతే పక్కవానికి తెలుస్తుంది. ఏరా, నీకేటయింది అని అడుగుతాడు. ఇన్ని సర్వేలు, ప్రశ్నావళులు చేయలేని పనిని ఆ ఒక్క ప్రశ్న చేసేది.

రెండవది పాలు. పట్టిన చేపలో వలకూ పడవకూ ఇంత, మనుషులకు ఇంత అని పంచేవారు. పాలు న్యాయంగా ఉండేవని నేను అనను. వల గలవానిదే సింహభాగం. అయినా తాడు చివరన చేయి వేసిన ముసలమ్మకు, మగదిక్కులేని ఇల్లాలికి గుప్పెడు చేపలు దక్కేవి. సత్తువ లేనివారు కూడా తాడు పట్టవచ్చును. పట్టకపోతే పిలిచేవారు. పనికిరానివాడనన్న తలంపు మనిషిని ఎంత తినేస్తుందో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులకు ఒకరు చెప్పాలా? మా సంఘంలోని మిత్రులు కొందరు పెన్షను అందుకున్న మొదటి ఏడాదిలోనే పదేళ్ళు ముసలివారయ్యారు. వారికి ఏ తాడు కొసా దొరకలేదు.

ఇదంతా చదివి, పూర్వం అంతా స్వర్ణయుగమని నేనంటున్నట్లు భావించవద్దు. సారా ఉండేది, దెబ్బలాటలుండేవి, తుపానుకు పోయినవారు పోయేవారు. తీరంలో ఆడవారి పని పాటలోకి ఎక్కనే లేదు. గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగి చేపలమ్మి, తిరిగి వచ్చి అన్నం వండి, మొగుని కోసం సముద్రం వైపు చూసేది వారే. నేను చెబుతున్నది ఇంతే: మనసును చూసుకునే ఏర్పాటు ఏదో విడిగా లేదు, ఆ పని జరిగే తీరులోనే అది నేసుకుపోయింది. అందుచేతనే పని తీరు మారినప్పుడు ఏమి పోయిందో వెంటనే ఎవరికీ తెలియలేదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నది. మరబోట్లు భద్రంగా నిలిచే పెద్ద చేపలరేవు మాత్రం చాలాకాలం లేకపోయింది. తెప్పలతో, చిన్న ఫైబరు పడవలతో దగ్గరి నీటిలో దొరికేది తగ్గుతూ వచ్చింది. దేశానికి ఆ కొసన, గుజరాతులోని వేరావల్‌లో మరబోట్లున్నాయి. వాటికి మనుషులు కావాలి. పడమటి తీరంలో వేట నిషేధం జూను 1 నుండి జులై 31 వరకు. ఆగస్టులో వేట తెరుస్తారు. కనుక జులై ఆఖరుకే మా ప్రాంతపు మత్స్యకారులు గుంపులు గుంపులుగా రైలెక్కుతారు. మళ్ళీ వేసవికి గాని రారు.

ఆగస్టు వచ్చిందంటే మా హాజరుపట్టీ నాకు చెప్పేది. తొమ్మిదీ పదీ తరగతుల మగపిల్లల వరుసలో ఖాళీలు. ఒకడు అన్నతో పోయాడు, ఒకడు మేనమామతో పోయాడు. ఛందస్సులో గురులఘువులు చక్కగా గుర్తించే ఒక కుర్రవాడు ఉండేవాడు. వాని తండ్రిని పిలిచి, పది పూర్తి చేయించమని బతిమాలాను. ఆయన తలవంచుకొని, "అడ్వాన్సు తీసేసుకున్నాం మాస్టారూ" అన్నాడు. ఆ అడ్వాన్సు చెల్లి పెళ్ళికి ఖర్చయిపోయింది. మేస్త్రీ పేరు మారింది, ఓడకు బదులు రైలు వచ్చింది, రంగం తూర్పున ఉండేది పడమటికి జరిగింది. ఆధి మాత్రం అదే.

వేరావల్ బోటు ఎక్కితే పదిహేను, ఇరవై రోజులు నీటి మీదనే. ఏడెనిమిదిమంది, ఒక ఇంజను, ఇరుకు గది. వలను యంత్రం లాగుతుంది. ఇంజను మోతలో పాట ఎత్తినా పక్కవానికి వినబడదు; ఎవరూ ఎత్తరు. రాత్రీ పగలూ లేకుండా వల ఎత్తినప్పుడల్లా లేవాలి. ఒడ్డుకు వచ్చాకనే ఫోను. ఆ ఒక్క ఫోనులో పది రోజుల కిందటి కబురు వినాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని చీల్చి పారేసినప్పుడు, ఇక్కడి ఎన్నో ఇళ్ళ మగవారు వేరావల్‌లో ఉన్నారు. ఇంటి కప్పు లేచిపోయిందో లేదో, పిల్లలున్నారో లేదో తెలియక, సెల్‌టవర్లు పడిపోయిన ఊళ్ళకు రాత్రంతా ఫోను చేస్తూ కూర్చున్నవారున్నారు. మరునాడు వారికి సెలవేమీ లేదు.

ఆ తుపాను గడిచి రెండు నెలలు నిండకముందే, నవంబరులో, వేరావల్ నుండి పోయిన మూడు బోట్లను పాకిస్తాను సముద్ర భద్రతా దళం పట్టుకుంది. అందులో మన రాష్ట్రపు మత్స్యకారులు 22 మంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారే ఎక్కువ. నీటిలో గట్టు లేదు, రాయి లేదు. ఆ సర్‌క్రీక్ ప్రాంతంలో సరిహద్దు ఎక్కడన్నది రెండు దేశాల మధ్యే తేలలేదు. వీరిని కరాచీ జైలులో పెట్టారు. 2008 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలోని పరదేశీయుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ రెండు తేదీల మధ్య ఆరు నెలలు. ఇక్కడ మత్స్యలేశం వంటి ఊళ్ళలో ఆడవారు పిల్లలను చంకన వేసుకొని అధికారుల గుమ్మాలూ, నాయకుల గుమ్మాలూ తొక్కారు. చివరకు 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. రాష్ట్రప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన తండేల్ సినిమాకు ఈ ఉదంతమే ఆధారం. తండేలు అంటే బోటు పెద్ద. మనవైపు సరంగు అన్నమాటే ఎక్కువగా వినేవాణ్ణి.

సినిమాలో ప్రేమకథ బాగున్నదని మా మనవరాలు అన్నది. ఉండవచ్చు. ఆ ఇచ్చిన డబ్బునూ నేను తక్కువ చేయను, అప్పులు తీరాయి. పోయిన ఆ పధ్నాలుగు నెలల నిద్ర ఏ పద్దులో రాస్తారు? వచ్చినవాడు మళ్ళీ సముద్రం మీదికి పోగలడా, చీకటిలో మరబోటు చప్పుడు వినబడితే వాని గుండె ఏమవుతుంది, పద్నాలుగు నెలలు ధైర్యంగా నిలబడిన ఆ ఇల్లాలు అతడు వచ్చాక ఒక్కసారిగా కూలబడితే ఆమెను పట్టుకునేదెవరు? ఒంటికి దెబ్బ తగిలితే జిల్లా ఆసుపత్రి ఉన్నదని అందరికీ తెలుసు. ఒక వృద్ధ సరంగు ఈ సంగతి నాతో తేల్చి చెప్పాడు: "జొరమంటే పడుకోమంటారు మాస్టారూ. మనసు బాగోలేదంటే నవ్వుతారు."

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో జెనీవాలో చేపలవేట పనిని గూర్చి ఒక ఒడంబడిక చేసింది. 2017 నవంబరు 16 నుండి అది అమలులోకి వచ్చింది. మూడు రోజులకు మించి సముద్రం మీద ఉండే పడవలో ప్రతివానికీ రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలంటుంది. పనివానితో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలంటుంది. అది అతనికి అర్థమయ్యేదై ఉండాలని కూడా అంటుంది. తెలుగు పంతులును గనుక నా చూపు ఈ చివరి మాట మీద ఆగింది. అడ్వాన్సు ఎంత, కోత ఎంత, మధ్యలో ఇంటికి రావలసివస్తే ఏమిటి అన్నవి తెలుగులో ఒక కాగితం మీద రాసి చేతికిస్తే, సగం గుబులు అక్కడే దిగుతుంది. తెలియని అప్పు తెలిసిన అప్పుకంటె బరువు. కార్యాలయాల గోడల మీద ఆనందంగా ఉండండి అని రంగురంగుల కాగితాలు అంటించడం చూసి నేను విసుక్కునేది ఇందుకే. నిద్ర, కూలి, కాగితం, ఇంటికి పోయే దారి, ఇవి ముందు, ఉపదేశాలు తరువాత.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు, రాత్రింబవళ్ళు ఉంటుంది. మంచి పని. మా ఊరి వలలు బాగుచేసుకునే పాకలో గోడమీద ఆ అంకెలు బొగ్గుతో నేనే రాశాను. ఒడ్డున ఉన్నవారికి పనికొస్తుంది. నీటిమీద ఉన్నవారికి సిగ్నలు వచ్చేదాకా పక్కనున్నవాడే దిక్కు.

ఆ పాకలోనే వేట నిషేధపు రోజులలో, అంటే మన తీరంలో ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు, పాత సరంగులు కూర్చుంటారు. నాకు నాలుగు మాటలు చెప్పిన ఆ వృద్ధుడు ఈమధ్య మనవణ్ణి వేరావల్ పంపడానికి ఒక షరతు పెట్టాడు. మన పేటవాళ్ళు ఇంకో ఇద్దరున్న బోటయితేనే ఎక్కాలి, లేదంటే తిరిగి రైలెక్కాలి. అడ్వాన్సు ఇచ్చే మనిషి ఒప్పుకోలేదు. బోటు ఎంచుకోవడం తన చేతిలో లేదన్నాడు. ముసలాయన డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. రెండు రోజులు మాటలు సాగాయి. ఆఖరుకు ముగ్గురికీ ఒకే బోటు అని నోటిమాటగా ఒప్పందమైంది. కాగితం రాయించమని నేను పట్టుబట్టాను. నా పోరు పడలేక అతడు ఒక తెల్లకాగితం మీద సంతకం చేశాడు. రాసింది నేనే, వాడుకభాషలోనే. మనవడు దాన్ని మడిచి సెల్‌ఫోను కవరులో పెట్టుకొని రైలెక్కాడు. బోటు పేరు వేరావల్ చేరాక ఫోను చేసి చెబుతానన్నాడు.